ఆర్డిస్ గుద్దిన తలుపు

మా వీధిలో గ్యారేజీ తలుపు బాగుచేయించడానికి బయటి మనిషిని పిలిచినవాడికి కనీసం ఒక వారం పరువుండేది కాదు. ఆ రూలు పెట్టిన పెద్దమనిషిని నేనే. పేరు నార్బర్ట్ జీల్కె. పేపర్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాను. తలుపు కిర్రుమంటే నూనె వేశాను, చక్రం పట్టాలు తప్పితే సుత్తితో సరిచేశాను, అమెరికా ఉత్తరాన మా విస్కాన్సిన్ రాష్ట్రపు చలికి తలుపు అడుగు మంచులో అతుక్కుపోతే పారతో గీరి విడదీశాను. వీధిలో పన్నెండిళ్ళుంటే తొమ్మిదింటి తలుపుల మీద నా చెయ్యి పడింది. అడిగినా అడక్కపోయినా వెళ్ళేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్నే మా తలుపు స్ప్రింగు తెగింది. తుపాకి పేలినట్టు చప్పుడైంది. తలుపు పైన గోడకి అడ్డంగా ఉండే లావుపాటి స్ప్రింగు అది. బటను నొక్కితే మోటారు మీద పైకి లేచి కిందికి దిగే ఆ తలుపు బరువంతా అదే మోస్తుంది. దాన్ని తిప్పి బిగించడానికి వేరే ఇనప కడ్డీలుంటాయి. నా దగ్గర లేవు. రెండు స్క్రూడ్రైవర్లు చాలవా అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా కొత్త స్ప్రింగు కొనుక్కొచ్చి నిచ్చెన ఎక్కాను. అయిదు చుట్లు బాగానే తిరిగాయి. ఆరో చుట్టు దగ్గర ఒక స్క్రూడ్రైవరు నా చేతిలోంచి జారి, చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడలో దిగబడింది. నా మణికట్టు మెలిపడింది.

చప్పుడుకి నా భార్య ఆర్డిస్ వంటింట్లోంచి వచ్చింది. గోడలో స్క్రూడ్రైవరు వంక చూసింది, నా వంక చూసింది.

"చెవి ఉందా?"

"ఉంది."

"అయితే విను. నేను ఫోను చేస్తున్నాను."

అలా మా ఇంటికి, చరిత్రలో మొదటిసారి, తలుపుల మనిషి వచ్చాడు. బుధవారం పదింటికి వచ్చాడు. పేరు కూ లోర్, లావోస్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన హ్మాంగ్ వాళ్ళబ్బాయి, ముప్పై ఏళ్ళుంటాయి. ఇనప కడ్డీలతో స్ప్రింగు బిగిస్తున్నంతసేపూ నేను చేతికి కట్టుతో పక్కనే నిలబడి సలహాలిస్తూనే ఉన్నాను. అతను ప్రతిదానికీ "అవును సార్" అన్నాడు, ఒక్కటీ పాటించలేదు. నలభై నిమిషాల్లో పనయిపోయింది. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. తలుపు కింద ఒక చెక్క దిమ్మ పెట్టి బటను నొక్కాడు. చెక్క తగలగానే తలుపు మళ్ళీ పైకి పోవాలి. మా తలుపు పోలేదు. దిమ్మ మీద కూర్చుని, పటపటమంటూ ఇంకా కిందికి తోస్తూనే ఉంది. అతను గబుక్కున దాన్ని ఆపి, మళ్ళీ పైకి లేపాడు.

"సార్, దీని కళ్ళేవి?"

నేను చూపుడు వేలుతో పైకి చూపించాను. తలుపుకి రెండు పక్కలా నేల దగ్గర చిన్న కళ్ళుంటాయి. ఒకదాన్నొకటి చూసుకుంటూ, మధ్యలో మనిషో కుక్కో కారో అడ్డొస్తే తలుపుని ఆపుతాయి. పొద్దుటి ఎండ వాటిలో పడి తలుపు సరిగ్గా మూసుకునేది కాదు. అందుకని రెండిటినీ ఊడబీకి, ఎదురెదురుగా పెట్టి టేపు చుట్టి, పైన దూలానికి కట్టేశాను. ఇక అవి ఒకదాన్నొకటి తప్ప లోకాన్ని చూడవు, తలుపు హాయిగా మూసుకుంటుంది. ఈ కిటుకు మా వీధి మొత్తానికి నేర్పింది కూడా నేనే.

"మోటారు బలం కూడా చివరిదాకా తిప్పేసి ఉంది," అన్నాడు కూ.

"చలికాలం కదా బాబూ. మంచుంటే తలుపు సగంలో ఆగిపోతుంది."

అతను గోడ మీద బటను నుంచి మోటారు దాకా నేను వేసిన వైరు వెంబడి వేలు పెట్టి నడిచాడు. ఒక పిన్ను దగ్గర ఆగాడు. వైరుని గోడకి బిగించడానికి నేను కొట్టిన పిన్నుల్లో అదొకటి. దాన్ని కొంచెం కదిపాడు. బటను ఎవరూ ముట్టుకోలేదు. తలుపు దానంతటదే కిందికి బయల్దేరింది.

"పిన్ను వైరులోకి దిగింది సార్. అదిరినప్పుడల్లా బటను నొక్కినట్టే అవుతుంది. ఈ తలుపు ఎప్పుడైనా దేనిమీదైనా పడిందా?"

"లేదు," అన్నాను.

అతను తలుపు అడుగు అంచు మీద చెయ్యి పెట్టాడు. "మరి ఈ సొట్ట?"

"అది మా ఆవిడ. తలుపు పూర్తిగా లేవకముందే కారు వెనక్కి తీసి గుద్దేసింది."

"లోపలి నుంచి కారు గుద్దితే రేకు బయటికి ఉబ్బాలి సార్. ఇది పైకి మడత పడింది. తలుపే దేనిమీదో దిగింది." తర్వాత మెల్లగా అడిగాడు. "ఆవిడ అప్పుడు ఏం చెప్పారు?"

ఆవిడ ఏం చెప్పిందో నాకు బాగా గుర్తుంది. మూడేళ్ళ కిందట, మొహం పాలిపోయి కారు దిగి, "తలుపు దానంతటదే దిగింది నార్బర్ట్. నేనేమీ నొక్కలేదు," అంది. కారు డిక్కీ మీద సొట్ట పైనుంచి పడిందని నేనూ చూశాను. చూసి కూడా ఆలోచించలేదు. ఎందుకంటే అప్పటికే నా నోట్లో జోకు తయారైపోయింది: మా ఇంట్లో ఒక దయ్యం ఉంది, తలుపులు దింపుతుంది, దాని పేరు ఆర్డిస్. ఆ శుక్రవారం చర్చి హాల్లో వారంవారం జరిగే చేపల వేపుడు విందులో చెప్పాను. జనం కడుపుబ్బ నవ్వారు. ఇంకేం, మూడేళ్ళపాటు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. మొదటి నెలల్లో ఆర్డిస్ "అది కాదు జరిగింది" అనేది. తర్వాత అనడం మానేసింది. తర్వాత కారు నడపడం మానేసింది. ప్రతి బుధవారం నలభై మైళ్ళు తనే నడుపుకుంటూ చెల్లెలు మార్లిస్ ఇంటికి వెళ్ళొచ్చే మనిషి, నాకు ఎప్పుడు తీరికవుతుందా అని నెలల తరబడి కిటికీ దగ్గర కూర్చుంది. తీసుకెళ్ళిన రోజు కూడా నేను గుమ్మం ముందు ఇంజను ఆపకుండా కూర్చునేవాణ్ణి, త్వరగా వస్తుందని.

ఇదంతా గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా నా నోటి వెంట వచ్చిన మాట చూడండి.

"ఇవన్నీ కాగితం మీద రాయాలా బాబూ? స్ప్రింగు మార్చానని రాస్తే సరిపోదూ?"

"రాయాలి సార్. రాయకపోతే నేను చూడనట్టే."

సరిగ్గా అప్పుడే ఆర్డిస్ కాఫీ, గుమ్మడికాయ కేకు పట్టుకుని వచ్చింది. "ఇంకేమైనా తేడాలున్నాయా అబ్బాయ్?"

కూ నా వంక చూశాడు.

"ఏం లేవు. అంతా బాగానే ఉంది," అన్నాను నేను.

అతను కాఫీ తాగినంతసేపూ తల ఎత్తలేదు. సిగ్గుపడాల్సినవాణ్ణి నేను, తల దించుకున్నది అతను. వెళ్ళేముందు తలుపు కళ్ళు రెండూ దూలం మీంచి దించి నేల దగ్గర బిగించాడు, కొత్త వైరు వేశాడు, కాగితం నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచేశాను. ఆ రాత్రి చెబుదామనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను.

శుక్రవారం వచ్చింది. చర్చి హాల్లో ఎప్పటి బల్ల దగ్గరే కూర్చున్నాం. మా పక్కింటి ఎల్‌రాయ్ తన కూతురి అత్తమామల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"చెయ్యేమైందిరా నార్బ్? మళ్ళీ దయ్యమా?" అని నవ్వి, వాళ్ళకేసి తిరిగాడు. "వీళ్ళు ఆ కథ వినలేదు. చెప్పరా, చెప్పు."

నేను చెప్పనని అనొచ్చు. అనలేదు. పాడలవాటు. ఖాళీ పళ్ళెం తీసి స్టీరింగులా పట్టుకున్నాను, మెడ తిప్పి కారు వెనక్కి తీసినట్టు చేశాను, తలుపు పడినట్టు బల్ల మీద చరిచాను. అలవాటైన చోట ఆగాను. నేను ఆగిన చోట ఆర్డిస్ అందుకుంది. పెదాలు తుడుచుకుని, నవ్వుతూ తనే అంది:

"ఆ దయ్యం పేరు ఆర్డిస్!"

బల్ల అదిరిపోయేలా నవ్వారు. ఆమె ఎన్నాళ్ళుగా ఆ మాట తనే అంటోందో నాకు తెలియదు. నా జోకుకి చివరి ముక్క ఆమె చేత చెప్పించుకుంటున్నానని కూడా నేను గమనించలేదు. పళ్ళెం కింద పెట్టాను.

"ఆగండి," అన్నాను. "తలుపు ఆమె గుద్దలేదు."

ఇంకా నవ్వారు. "దయ్యం ఇల్లు మారిందేమిట్రా?" అన్నాడు ఎల్‌రాయ్.

జేబులోంచి కాగితం తీసి చదివాను. వైరు, పిన్ను, మోటారు బలం, దూలానికి కట్టిన కళ్ళు. ఒక్కో వరుసకీ ఒక్కో నవ్వు తగ్గింది. చివరికి ఎల్‌రాయ్ ఫోర్కు కింద పెట్టాడు.

"మా ఇంట్లో కళ్ళు పైన కట్టింది కూడా నువ్వే కదరా?"

"నేనే."

"మా మనవలు అక్కడే ఆడుకుంటార్రా."

"రేపు పొద్దున వచ్చి తీసేస్తాను."

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు. "ఆ అబ్బాయి నంబరివ్వు."

ఆర్డిస్ చెయ్యి చాపింది. కాగితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. బుధవారం నాటి తేదీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. మడిచి తన సంచిలో పెట్టుకుని, "ఇంటికి పోదాం," అంది.

కారులో కూర్చున్నాక తాళం పెట్టాను గానీ తిప్పలేకపోయాను.

"తప్పయిపోయింది ఆర్డిస్. అందరి ముందూ నిన్ను..."

"జోకు సంగతి వదిలెయ్," అంది. "పోయిన అక్టోబరులో కంటి డాక్టరని నేను చెబితే నన్ను తీసుకెళ్ళావు, గుర్తుందా?"

"ఆఁ."

"అది కళ్ళకి కాదు. మతిమరుపు పరీక్షకి. తలుపు దిగడం నా కళ్ళతో నేను చూశాను. నువ్వు కాదన్నావు, అందరూ కాదన్నారు. అయితే మా అమ్మకి వచ్చినట్టే నాకూ బుర్ర చెడుతోందనుకున్నాను. మూడేళ్ళుగా స్టవ్వు ఆర్పానో లేదో రాత్రుళ్ళు లేచి చూసుకుంటున్నాను. అక్కడ గడియారం బొమ్మ గియ్యమన్నారు. అయిదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమన్నారు."

"చెప్పావా?"

"అయిదూ చెప్పాను. నీకేమీ లేదమ్మా అన్నారు. నేను నమ్మలేదు." ఆమె అద్దంలోంచి బయటికి చూస్తోంది. "నిన్ను నమ్మాను."

ఆ రోజు నేను ఆసుపత్రి బయట కారులో రేడియో వింటూ కూర్చున్నాను. రెండు గంటలు పట్టింది. ఆమె వచ్చి తలుపు తీసి కూర్చోగానే, కంటి పరీక్షకి ఇంతసేపేమిటని విసుక్కున్నాను.