వంకర పువ్వుకి వంకర సూది

"దీని పక్షే లోకంలో లేదమ్మా, ఇంక ఈ మొక్కెందుకు? పీకించేద్దాం. కుండీ వేరేదానికి పనికొస్తుంది," అన్నాడు మా తోట సూపరింటెండెంటు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పక్షి పోతే మొక్క చేసిన పాపమేంటి?

ఈ అద్దాల షెడ్డులో మొక్కల్ని సాకేది నేను. కొడవలిలా వంగిన ఎర్రపువ్వు దీనిది. తేనె ఎక్కడో అడుగున దాస్తుంది. అంత వంకర ముక్కున్న పక్షి ఒక్కటే దాన్ని అందుకునేదట. అది తేనె తాగుతుంటే పువ్వు పైకప్పులోని పుప్పొడి దాని నుదుటికి అంటుకునేది. అదే నుదురుతో ఇంకో పువ్వులో దూరేది. వేరే పిట్టలకి ఇక్కడ పనిలేదు, దీనికి వేరే పిట్ట అక్కర్లేదు. కొండల మీద అడవి కొట్టేశాక పక్షి పోయింది. మిగిలింది ఈ ఒక్క కుండీ. ఇది మాత్రం ఏటా ముస్తాబై ఎదురుచూస్తుంది, పిచ్చిమొహంది!

"కాయ కాస్తే ఉంచుతారా సార్?"

"ఇన్నేళ్ళూ కాయనిది ఇప్పుడు కాస్తుందా?"

"కాస్తే?"

"సరే, ఈ పూత రాలేదాకా ఆగుతా."

ఉన్నవి మూడే పువ్వులు. పక్షి బదులు నేనే పుప్పొడి అద్దుదామని మొదటిదాంట్లో కుంచె పెట్టాను. కుంచె నిటారు, పువ్వు వంకర. చర్రున చీలిపోయింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చున్నాను. మా ఆయన సోఫాలు కుడతాడు. వంకర సూదితో దిండు మూల కుడుతూ, "ఏంటే, మూతి అలా ముడుచుకున్నావు?" అన్నాడు. నా చూపు ఆ సూది మీద పడింది.

"అది ఇటివ్వు. పక్షి ముక్కు కావాలి."

"ముక్కు మీద కోపం ఉందిగా నీకు, చాలదూ?"

జరిగిందంతా చెప్పాక ఇక వేళాకోళం ఆడలేదు. నాలుగు సూదులు పొయ్యి మీద కాల్చి, పట్టకారుతో ఇంకా వంచాడు. రెండు విరిగాయి, రెండు కుదిరాయి. మొనలు అరగదీసి, పక్షికి నుదురుండే చోట దిండులో దూది తీసి చుట్టాడు.

పొద్దున్నే ఊపిరి బిగబట్టి సూదిని పైపువ్వులోకి మెల్లగా జార్చాను. తీస్తే దూదికి పసుప్పచ్చటి పొడి. అదే దూదితో కింది పువ్వులోకి. ఈసారి చీలలేదు.

పువ్వులు వాడాయి. పైది తొడిమతో సహా రాలిపోయింది. కిందిదాని తొడిమ దగ్గర మాత్రం పచ్చటి బుడిపె ఆగింది. రోజూ వెళ్ళి చూశాను. పెరుగుతోంది. పిందె!

"నీ దుంప తెగ, కాశావే!" అని అరిచాను.

సూపరింటెండెంటు పరిగెత్తుకొచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "అయితే ఇక దీని పక్షివి నువ్వేనన్నమాట," అన్నాడు నవ్వుతూ.

"నేనొక్కదాన్నే అయితే ఎలా సార్? ఒక్క ముక్కునే నమ్ముకుని ఈ మొక్క ఇంతదాకా తెచ్చుకుంది." సంచిలోంచి రెండో సూది తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇది మీది. కొత్తగా రెండు మొగ్గలు విచ్చాయి, రండి."

"నా చెయ్యి వణుకుతుందమ్మా!"

"వణకనివ్వండి. నేర్చుకుంటుంది."

ఆయన పువ్వు ముందు మెడ వంచి, ఊపిరి బిగబట్టాడు.