బావ చదివి, సరే అన్నాడు

ఆఫీసులో అందరూ ఆయన్ని బాబాయ్ అనేవారు. పిలుపులో చుట్టరికం ఉంది గానీ రాకపోకలు లేవు. ఆయన ఇల్లెక్కడో, పొద్దున ఏం తిని వస్తాడో, ఆదివారం ఎవరితో మాట్లాడతాడో అడిగినవాళ్ళు లేరు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ కంపెనీలో అంత వయసుండి ఇంకా తన చేత్తో ప్రోగ్రాము రాసేవాడు ఆయనొక్కడే. ఆయనతో చేరినవాళ్ళంతా మేనేజర్లయిపోయి, రాసేవాళ్ళ మీద అజమాయిషీ చేస్తున్నారు.

ఆయన చేతిలో ఉన్నది బస్సు డిపోల డ్యూటీ చార్టు ప్రోగ్రాము. ఏ డ్రైవరు ఏ పూట ఏ బస్సు ఎక్కాలి, ఎవరికి ఎప్పుడు విశ్రాంతి, సెలవు పెట్టినవాడి బదులు ఎవరు ఎక్కాలి, ఇదంతా నలభై డిపోలకి అదే తేల్చి పెడుతుంది. పుట్టి పందొమ్మిదేళ్ళయింది. "ముసలి గేదె. తంతుంది, కానీ పాలిస్తుంది" అనేవాడు బాబాయ్. కుర్రకారంతా కొత్త పనుల వైపు మళ్ళారు. మూడో అంతస్తులో అరవై కుర్చీలుంటే మనుషులు అయిదుగురు, మిగతావాళ్ళు ఇళ్ళ నుంచే పని. ఉన్న ఆ అయిదుగురూ చెవుల్లో బిరడాలు పెట్టుకుని కూర్చుంటారు. కుళాయి దగ్గర ఎదురుపడితే కనుబొమలు ఎగరేస్తారు. ఆ రోజుకి పలకరింపు అయిపోయినట్టే.

ఆ కంపెనీలో ఒక నియమం ఉంది. ప్రోగ్రాములో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా సరే, అది అసలుదానిలో కలిసే ముందు ఇంకొక మనిషి చదవాలి. తప్పులుంటే కింద రాయాలి. లేకపోతే "సరే" అని నొక్కాలి. రెండో మనిషి సరే అననిదే గడప దాటదు. మంచి నియమమే. ఎవరి కంట్లో నలుసు వాళ్ళకి కనపడదు కదా. బాబాయ్ మార్పులు చదివే సహచరుడు ఒకడుండేవాడు. అతను వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. "ఇంకొకర్ని ఇవ్వండి" అని బాబాయ్ అడిగితే అప్పటి మేనేజరు "చూద్దాం" అన్నాడు. ఆయన చూస్తూనే ఉన్నాడు, నెలలు పోతూనే ఉన్నాయి.

ఒక గురువారం ఒక డిపో నుంచి ఫోనొచ్చింది. రాత్రంతా బస్సు నడిపి పొద్దున్నే దిగిన డ్రైవరుకి, అదే పొద్దున మళ్ళీ డ్యూటీ పడుతోంది. నిద్రలేని మనిషి చేతిలో యాభైమంది ప్రాణాలు. బాబాయ్ మధ్యాహ్నానికల్లా తప్పు పట్టుకుని దిద్దాడు. కానీ సరే అనడానికి మనిషేడీ? ఒకర్ని అడిగితే "ఆ పాత భాష నాకు రాదు బాబాయ్" అన్నాడు. ఇంకొకడు "మీటింగులో ఉన్నా" అన్నాడు. సాయంత్రం చార్టు అచ్చయ్యేలోపు మార్పు వెళ్ళాలి. అందరికంటే పాతవాడు కాబట్టి ఖాతాలు తెరిచే తాళాలన్నీ బాబాయ్ దగ్గరే ఉన్నాయి. నాలుగింటికి ఇంకొక ఖాతా తెరిచాడు. ఆ ఆఫీసులో ఖాతాలన్నిటికీ ముద్దుపేర్లే పెట్టుకుంటారు. ఒక్క క్షణం ఆలోచించి "బావ" అని కొట్టాడు.

అలా ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియదు. అక్కచెల్లెళ్ళు లేరు, మేనత్తలూ మేనమామలూ లేరు, పెళ్ళి కాలేదు. ఆయనకి లోకంలో బావ అనేవాడు ఉండటానికి దారే లేదు.

మొదట్లో బావ "సరే" అని మాత్రం అనేవాడు. ఆ ఒక్క గురువారానికి అనుకున్నది అలవాటయింది. అయితే బాబాయ్‌కి ఒళ్ళు వంచని పని గిట్టదు. నొక్కేదేదో చదివి నొక్కుదాం అనుకున్నాడు. తన ఖాతా మూసి, కుళాయి దాకా వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి, ఎదుటివైపు ఖాళీ బల్ల దగ్గర కూర్చుని, బావగా తెరిచి చదివాడు. చిత్రం, తప్పు కనపడింది. అక్కడ కూర్చున్నవాడికి రాసినవాడి మీద జాలి లేదు మరి. కింద ఇలా రాశాడు: "బామ్మర్దీ, సెలవు రోజున రిలీవరు డ్రైవరు కూడా సెలవులో ఉంటే బస్సు నువ్వు నడుపుతావా?"

చదువుకుని బాబాయ్ చాలాసేపు నవ్వాడు. ఆఫీసులో ఎవరో ఆయనతో వేళాకోళమాడి ఏళ్ళయింది.

అప్పటి నుంచి బావకి నోరొచ్చింది. ప్రతి మార్పు కిందా ఇద్దరికీ వాదన.

"కొత్త పద్ధతి అంటూ ఆర్నెల్లకొకటి దిగుతోంది బావా. మనం నేర్చుకునేలోపే అది కాటికి కాళ్ళు చాపుతోంది" అని బాబాయ్ రాస్తే, "నువ్వు నేర్చుకునే వేగానికి పాపం అదేం చేస్తుంది?" అని బావ.

"క్లౌడు క్లౌడు అని ఊదరగొడుతున్నారు. మన సామాను పక్కింటాయన అటక మీద పెట్టుకోవడమేగా?"

"మన అటక కారుతుంటే పక్కింటాయనదే స్వర్గం. ముందు నీ అటక చూసుకో."

"పై అంతస్తు కుర్రాళ్ళు ఒక వరుసైనా రాయకముందే తమ ప్రోగ్రాముకి పేరు పెట్టారు, బొమ్మ గీయించారు, బనియన్ల మీద అచ్చేయించారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం."

"బనియను నీకివ్వలేదనేగా ఏడుపు."

ప్రోగ్రాములు తనే రాసిపెట్టే తెలివి యంత్రం ఒకటి వచ్చినప్పుడు బాబాయ్ దాన్నీ వాడి చూశాడు. "ఏమడిగినా 'చక్కటి ప్రశ్న' అంటుంది బావా. మా అమ్మ కూడా నన్నంత మెచ్చుకోలేదు" అని రాశాడు. "అందుకే నమ్మకు. గంగిరెద్దు తలూపినంత మాత్రాన పొలం దున్నినట్టు కాదు" అన్నాడు బావ.

ఆదివారాలు బాబాయ్ తన ఒంటిగదిలో బట్టలుతుక్కుని, సంచీ పట్టుకుని కూరగాయల కొట్టుకి వెళ్ళేవాడు. అక్కడ నిలబడ్డప్పుడు ఉన్నట్టుండి బావ అనబోయే మాటేదో తట్టేది. ఒక్కడే నవ్వుకునేవాడు. కొట్టువాడు తన మొహానికేమైనా అంటిందేమోనని తడుముకునేవాడు. ఆ మాట మరిచిపోకుండా సోమవారం దాకా మోసుకెళ్ళాలి. ఆ మోతలోనే ఆదివారం గడిచిపోయేది. మూడేళ్ళు అలా గడిచాయి.

కొత్త మేనేజరమ్మ వచ్చి నెల కాలేదు. ఒక బుధవారం మధ్యాహ్నం నేరుగా బాబాయ్ బల్ల దగ్గరికి వచ్చి, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బాబాయ్ గారూ, మీ చార్టు ప్రోగ్రాము మార్పులన్నీ చదివాను. కింద రాసుకున్న మాటలతో సహా."

బాబాయ్‌కి దొరికిపోయాననిపించింది, ఆ వెంటనే ఎక్కడో చిన్న సంతోషమూ కలిగింది. ఒక మనిషి కూర్చుని చదివింది.

"అన్నీనా అండీ?"

"అన్నీ. బస్సులో వస్తూ నవ్వాపుకోలేకపోయాను. ఆ బావ గారెవరండీ?"

"బావా... మా బావేనండీ."

"అది తెలుస్తోంది. ఏ ఊరి నుంచి పనిచేస్తారు? మన జాబితాలో వెతికితే దొరకలేదు. బయటి కాంట్రాక్టు మీదా?"

"బయటేనండీ. అలాంటిదే."

"ఏమీ అనుకోకండి. మీరు కొంచెం పాతకాలం. ఏది చెప్పినా వద్దంటారు. ఆయన అలా కాదు, మిమ్మల్ని ఒక పక్క దెప్పుతూనే ముందుకి తోస్తారు. అసలు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారో." ఆమె నవ్వింది. "ఈ ప్రోగ్రాముని కొత్తగా రాయడానికి టీము కడుతున్నాను. దానికి ఆయన పెద్దగా ఉండాలి. సోమవారం పదకొండింటికి మీటింగుకి రమ్మనండి. కెమెరా పెట్టుకోమనండి, మొహం చూడాలి."

"మరి నేనో?"

"పాతది చూసుకోవడానికి మనిషి కావాలిగా. మీరున్నారుగా."

ఆమె వెళ్ళిపోయాక బాబాయ్ బావ మాటలన్నీ మళ్ళీ తెరిచి చదివాడు. అసూయ పుట్టింది. తనలోంచి ఊడిపడ్డవాడు తనని మించిపోయాడు. ఇన్నాళ్ళకి ఒక మనిషి వచ్చి చదివి, నచ్చినవాణ్ణి ఎంచుకుంటే, అది తను కాదు. ఆ తరవాత భయం వేసింది. దొంగ ఖాతాతో మూడేళ్ళు నియమాన్ని మోసం చేశాడు, ఉద్యోగం పోతుంది. అంతకంటే అడుగున ఇంకో భయం ఉంది. బావ పోతాడు. ఈ రెండిట్లో ఏది పెద్దదో తూచి చూసుకుంటే రెండోవైపే మొగ్గింది. ఆయనకి సిగ్గేసింది.

శుక్రవారం ఒక ఉపాయం ఆలోచించాడు. బావ మానేశాడని చెప్తే సరి. ఎదుటి బల్ల దగ్గర కూర్చుని, బావగా వీడ్కోలు ఉత్తరం మొదలుపెట్టాడు. "సొంత కారణాల వల్ల" అని రాశాడు. బావ అలా రాయడు. కొట్టేశాడు. "బామ్మర్దీ, ఇక నీ మొహం చూడలేను" అని రాశాడు. అది నిజంగా బావ అన్నట్టే ఉంది. వేలు ముందుకి కదల్లేదు. అబద్ధమాడటానికి ఆయన వెనకాడలేదు. కానీ ఆ ఉత్తరం రేపు తనే చదువుకోవాలి.

సోమవారం పదకొండింటికి అద్దాల గదిలో మేనేజరమ్మ ఒక్కతే ఉంది. గోడ మీది తెర మీద బావ కోసం ఒక గడి ఖాళీగా ఉంది.

"బావ గారు ఇంకా రాలేదే?"

"వచ్చాడండీ" అన్నాడు బాబాయ్. కూర్చోలేదు. "నేనే."

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మొదట నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆగింది.

"రెండూ మీరే రాసుకున్నారా?"

"అవునండీ."

"మూడేళ్ళా?"

"మనిషినిమ్మని అడిగానండీ. ఇవ్వలేదు. చార్టు ఆగితే బస్సులాగుతాయి."

"మొదటిసారి సంగతి అర్థమవుతుంది. రెండోసారి మేనేజరు నెత్తిన కూర్చోవద్దా? నాలుగు వందల పైచిలుకు మార్పులున్నాయి. నలభై డిపోల బస్సులు మీ ఒక్క జత కళ్ళ మీద నడిచాయి. ఏ డ్రైవరుకైనా ఏమన్నా అయ్యుంటే?"

"కాలేదండీ."

"కాలేదు. మన అదృష్టం."

ఆమె పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, నెమ్మదిగా అడిగింది. "నియమం కోసమే అయితే సరే అని నొక్కితే చాలు. ఆ కబుర్లన్నీ ఎందుకు రాశారు?"

దానికి ఆయన దగ్గర జవాబు లేకపోలేదు. నోటి దాకా వచ్చింది. ఆఫీసు గదిలో మేనేజరుతో అనే మాట కాదని మింగేశాడు.

"అలవాటైపోయిందండీ" అన్నాడు.

ఆమె దయగల మనిషే. పైవాళ్ళకి చెప్పక తప్పదంది, చెప్పింది. మర్నాటికి తీర్పు వచ్చింది. ఆ ముసలి గేదెని పితకడం ఇంకెవరికీ రాదు కాబట్టి ఉద్యోగం ఉంచారు. తాళాలు తీసుకున్నారు. బావ ఖాతా మూసేశారు. పాత వాదనలన్నిటి దగ్గరా బావ అన్న పేరు పోయి "తొలగించిన ఖాతా" అని పడింది. నీ అటక చూసుకో అన్నదీ, బనియను గురించి దెప్పిందీ ఇప్పుడు తొలగించిన ఖాతాయే. బాబాయ్ ఒక్కసారి పైనుంచి కిందికి చూసి మూసేశాడు.

ఆయన అడిగిన రెండో మనిషిని మాత్రం మూడేళ్ళ తరవాత ఇచ్చారు. వేరే ఊళ్ళో ఇంటి నుంచి పనిచేసే అమ్మాయి. చదువై ఏడాది అయిందట. బాబాయ్ మొదటి మార్పు పంపాడు. రెండు వందల వరుసలు. నలభై సెకన్లలో జవాబొచ్చింది: "బాగుందండీ. సరే." పక్కన బొటనవేలి బొమ్మ. రెండోదీ అంతే. మూడోదాని కింద ఆయన కావాలనే ఒక మాట అతికించాడు: "ఈ కొత్త పద్ధతులన్నీ పాత సీసాకి కొత్త మూతలని నా ఉద్దేశం. నీకేమనిపిస్తుంది?" దాని కిందా బొటనవేలే.

ఒకరోజు పొద్దున పదిన్నరకి ఆయనే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నేను బాబాయ్‌ని. చార్టు ప్రోగ్రాము."

"చెప్పండి సార్. ఏమైనా తప్పు చేశానా?"

"తప్పులు చేసేది నేను. పట్టాల్సింది నువ్వు. నిన్న పంపింది చదివావా?"

"చదివాను సార్. చాలా బాగుంది."

"ఏం బాగుంది?"

అవతల మౌసు టకటకలాడింది.

"పోనీ, ఏం నచ్చలేదో ఒక్కటి చెప్పు. తిట్టినా ఏమీ అనుకోను. తిట్లు తిని తిని ఉన్నాను."

"మిమ్మల్ని తిట్టడమేంటి సార్... నిజం చెప్తే ఎవరికీ చెప్పరుగా?"

"చెప్పడానికి నాకెవరున్నారమ్మా."

"నాకది అర్థం కాదు సార్. ఒక్క ముక్క కూడా. ఆ భాష మాకు చెప్పనే లేదు. అర్థం కాలేదంటే చేతకానిదాన్ని అనుకుంటారని బాగుందని రాస్తున్నా. రోజూ భయంగానే ఉంటుంది."

బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం రాలేదు. మూడేళ్ళలో బావ ఎన్ని మాటలన్నా, ఆయన ముందే ఎరగని మాట ఒక్కటీ అనలేదు. ఈ మాట ఎటునుంచో వచ్చి తగిలింది. అవతల ఒక గది ఉంది. ఆ గదిలో తలుపేసుకుని, భయపడుతూ బొటనవేలు నొక్కే పిల్ల ఒకతి ఉంది. ఆ సంగతి ఇంతవరకూ ఆయనకి తెలియదు.

"ఎక్కడి నుంచి అర్థం కాలేదు?"

"మొదటి వరుస నుంచే సార్."

"అయితే మొదటి వరుస నుంచే చూద్దాం. తెరిచావా?"

"సార్, ఇప్పుడు కాదు... పది నిమిషాల్లో వేరే టీము మీటింగుంది. అది అయ్యాక ఇంకోటి. మీరు రాసి పెట్టండి, చదువుతాను. నిజంగా చదువుతాను."

"సరేనమ్మా" అనేలోపే ఫోను ఆగిపోయింది.

బాబాయ్ నిన్నటి మార్పు తెరిచాడు. మొదటి వరుస కింద రాయడం మొదలుపెట్టాడు. ఈ వరుస డ్రైవరు కిందటి డ్యూటీ ఎన్నింటికి దిగాడో చూస్తుంది, ఎందుకంటే ఒకప్పుడు ఒక డిపోలో రాత్రి దిగినవాణ్ణే పొద్దున మళ్ళీ ఎక్కించబోయారు. ఆరు వాక్యాలయింది. ఎకసెక్కం ఒకటి రాయబోయి ఆగాడు. ఆ పిల్లకి వేళాకోళం అలవాటుందో లేదో తెలియదు. పంపాడు. ఆ అమ్మాయి పేరు పక్కన చుక్క, మనిషి లేనట్టు, బూడిద రంగులో ఉంది. భోజనానికి లేచి వెళ్ళి వచ్చాక కూడా అలాగే ఉంది.

కాసేపు చూసి, రెండో వరుస కింద రాయడం మొదలుపెట్టాడు.