బేతేలు బస్సులో ఎండుచేప

స్టీరింగు తుడవడం అయింది. ముందు అద్దం తుడవడానికి పొడిగుడ్డ కోసం మన్సిక్ డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. గుడ్డ తగల్లేదు. గరుగ్గా ఏదో తగిలింది. బయటికి లాగి చూస్తే ఎండుచేప. మూరెడు పొడుగుంది, నోరు తెరుచుకుని ఉంది, తల నుంచి తోక దాకా తెల్లదారం చుట్టి ఉంది.

చప్పున దాన్ని జాకెట్టు లోపల దోపుకుని జిప్పు లాగాడు. ఆ తరవాత గాని చుట్టూ చూడాలని తోచలేదు. బస్సు షెడ్డు దగ్గర ఎవరూ లేరు. ఎదురుగా ప్రార్థన గది కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి. ఆటగాళ్ళందరూ ఎవరి ప్రార్థన వాళ్ళు ఒక్కసారే పైకి చేసుకుంటున్న హోరు వినిపిస్తోంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

బేతేలు ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళ బస్సు అది. లీగులో మిగతా జట్లన్నీ కార్ల కంపెనీలవి, ఉక్కు కంపెనీలవి. ఇది ఒక్కటే దేవుడిది. ఆదివారం ఆడరు. గోలు కొడితే మోకరిస్తారు, గోలు పడినా మోకరిస్తారు. సారా, సిగరెట్టు గేటు లోపలికి రాకూడదు. ఇక దిష్టి పనులు సరేసరి. కొత్త బస్సు దిగిందంటే పంది తల పెట్టి దణ్ణాలు పెట్టడం, టైర్ల మీద బియ్యంకల్లు పోయడం, దారం చుట్టిన చేపని బండిలో ఎక్కడో ఒకచోట దాచడం డ్రైవరై పుట్టిన ప్రతివాడికీ తెలిసిన పనే. చేప కళ్ళు మూయదు, డ్రైవరు మూసినా అది మేలుకుని కాపలా కాస్తుందని నమ్మకం. ఈ బస్సు కొన్నప్పుడు అప్పటి డ్రైవరు ఆ పనే చేశాడు. మర్నాటికి అతనికి ఉద్యోగం లేదు. ఆ ఖాళీలోకే మన్సిక్ వచ్చాడు.

తీసి అవతల పారేస్తే పోయేదిగా అనిపిస్తుంది. మన్సిక్‌కీ అనిపించింది. బాప్తిస్మం తీసుకున్న మనిషి, ప్రతి ఆదివారం మూడో వరసలో కూర్చునే మనిషి. చెత్తకుండీ దాకా వెళ్ళాడు కూడా. చెయ్యి మాత్రం జిప్పు మీదనుంచి కదల్లేదు. కాపలాకి పెట్టిన చేపని పారేసినవాడి బండి ఏమవుతుందో పాత కంపెనీల్లో అతను చాలా విన్నాడు. ఛీ, ఇదేం బుద్ధి అని తనని తానే తిట్టుకుని వెనక్కి వచ్చాడు.

అసలు భయం అది కాదు. వసంతకాలంలో డేగు నగరం నుంచి తిరిగొస్తుంటే, సొరంగం దాటాక, అతనికి ఒక్క రెప్పపాటు ఏమీ తెలియకుండా పోయింది. తెలివి వచ్చేసరికి ఎడమ చక్రం గీత దాటి ఉంది. సర్దుకున్నాడు. తరవాత ఇంకోసారి అలాగే అయింది. ఎవరూ చూడలేదనే అనుకున్నాడు. ఇప్పుడు సీటు కింద చేప ఉందంటే ఎవరో చూశారన్నమాట. చూసినవాడు ఊరికే ఉండకుండా చేప ఎందుకు పెట్టాడు? ఇరికించడానికి కాక ఇంకెందుకు? అతని వయసులో ఇంకో కంపెనీ బస్సు చేతికివ్వదు. భార్య పోయాక షెడ్డు పక్క గదే అతని ఇల్లు. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

పొద్దున్న ఫలహారం వేళకి అతను వంటగదిలోకి దూరాడు. వంటమనిషి ఓక్‌బున్ గరిటెతో గంజి కలుపుతోంది. గోడకి ఎండుచేపల కట్ట వేలాడుతోంది. మన్సిక్ దానివైపు ఓరగా చూస్తూ, చేపలేమైనా తగ్గాయా అని అడిగాడు.

ఓక్‌బున్ గరిటె ఆపింది. "అన్నయ్యా, నిజం చెప్పు. రాత్రి ఎక్కడ తాగొచ్చావ్? పొద్దున్నే, మత్తు దిగడానికి తాగే ఎండుచేప పులుసు మీదకి మనసు పోయిందంటే కడుపులో మంటేగా."

"మెల్లిగా మాట్లాడు తల్లీ."

"తాగినోడికి సిగ్గుండాలి గానీ నాకెందుకు?"

ఆ మాట తలుపు దగ్గర నిలబడ్డ మిన్ చెవిన పడింది. మిన్ జట్టు మేనేజరు, సంఘపెద్ద యోమ్‌గారికి స్వయానా మేనల్లుడు. సైన్యంలో లారీలు నడిపినవాడు. బస్సు బయల్దేరిన ప్రతిసారీ, అలిసిపోయారేమో బాబాయ్, కాసేపు నేను నడపనా అని అడుగుతాడు. ఆ మర్యాద మన్సిక్‌కి మొదటినుంచీ గిట్టదు. మీ సీటు మీద కన్నేశానని ఎవరైనా నోటితో చెబుతారా మరి? చేప పెట్టింది వీడేనని అతనికి సగం నమ్మకం కుదిరిపోయింది. మిన్ నవ్వి, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ నవ్వుతో మిగతా సగమూ కుదిరింది.

డేగు ప్రయాణానికి యోమ్ పెద్దగారు కూడా వచ్చారు. ముందు వరసలో, మెట్లకి దగ్గరగా కూర్చున్నారు. ఆయన బస్సుని ఆశీర్వదిస్తూ ప్రార్థన చేస్తున్నంతసేపూ మన్సిక్ తల వంచుకుని జాకెట్టు పట్టుకున్నాడు. తల వంచితే చేప వాసన నేరుగా ముక్కుకి కొట్టింది. ఆమెన్ అన్నాక పెద్దగారు గాలి పీల్చి, ఏదో నీచు వాసన వస్తోందే అన్నారు. వంటావిడ సర్దిన భోజనం పెట్టెలని మన్సిక్ చెప్పాడు. మండే ఎండాకాలంలో ఆ జాకెట్టు ఏమిటని ఆయన అడగలేదు గాని, రెండుసార్లు చూశారు.

దారిలో మన్సిక్ రోడ్డు కంటే అద్దాన్నే ఎక్కువ చూశాడు. మిన్ ఏదో రాసుకుంటున్నాడు. కోచ్ నిద్రపోతున్నాడు. సరిగ్గా తన వెనక సీట్లో తక్ కూర్చుని ఎప్పటిలాగే కీర్తనలు అందుకున్నాడు. తక్ ముప్పై దాటిన గోల్‌కీపరు, పాస్టరు కొడుకు, ఇద్దరు పిల్లల తండ్రి. ఏడాదిలో నాలుగు ఆటలు ఆడితే ఎక్కువ. శ్రుతీ లయా లేని గొంతు. వసంతకాలం నుంచీ బస్సు కదిలింది మొదలు ఆగేదాకా డ్రైవరు చెవి పక్కనే పాడతాడు. వెనకనుంచి కుర్రాళ్ళు చెప్పులు విసిరినా ఆపడు. నన్ను వేధించడానికేనేమో, మిన్ పురమాయించాడేమో అని కూడా మన్సిక్‌కి అనుమానం వచ్చింది. ఆ రోజు అనుమానానికి అందనివాడు బస్సులో ఎవడూ లేడు, ఒక్క చేప తప్ప.

మొదటి గోల్‌కీపరుకి వేలు బెణకడంతో ఆట తక్ ఆడాల్సొచ్చింది. మన్సిక్ గట్టు మీద నిలబడి చూశాడు. గోలు పడగానే బేతేలు వాళ్ళు మోకరిస్తే, ఆ ఊరి జనం, దేవుణ్ణే గోల్లో నిలబెట్టుకోండయ్యా, ఈ ముసలాడెందుకని కేకలేశారు. ఆట చివర్లో ఎదుటివాడి మోకాలు తక్ మూతికి తగిలింది. బంతిని మాత్రం వదల్లేదు. పై పెదవికి కుట్లు పడ్డాయి. ఒక్క గోలు తేడాతో ఓడిపోయి అందరూ బస్సెక్కారు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా నిశ్శబ్దం. ఓడినవాళ్ళు నిద్రపోయారు. పెద్దగారు కూడా తల వాల్చారు. తక్ మూతికి దూది అంటించుకుని కూర్చున్నాడు. పాట లేదు. హమ్మయ్య, చెవికి విశ్రాంతి దొరికింది అనుకున్నాడు మన్సిక్. ఎండ ఏటవాలుగా పడుతోంది. రోడ్డు తిన్నగా, నున్నగా ఉంది. ఇంజను ఒకే రాగం తీస్తోంది.

తరవాత చక్రాల కింద కంకర చప్పుడు. భుజం మీద బరువు. ఎవరిదో పెద్ద అరచెయ్యి స్టీరింగు మీద, తన చెయ్యి మీదుగా. మన్సిక్ కళ్ళు తెరిచేసరికి బస్సు గట్టు అంచు నుంచి మెల్లిగా రోడ్డు మీదకి వస్తోంది. గట్టుకి అవతల లోయ. గోల్‌కీపరు చెయ్యి అది. తక్ వెనకనుంచి వంగి నిలబడి ఉన్నాడు. బస్సులో ఇంకెవరూ మేలుకోలేదు.

మొదట కనబడ్డ విశ్రాంతి స్థలంలో మన్సిక్ బస్సు ఆపాడు. ఆటగాళ్ళు ఒళ్ళు విరుచుకుంటూ దిగి నూడుల్స్ దుకాణం వైపు నడిచారు. తక్ మాత్రం అతని వెంటే బస్సు వెనక్కి వచ్చాడు. కుట్ల మూలంగా మాట నలిగి వస్తోంది.

"బాబాయ్, చేప ఉందా?"

"ఏ చేప?"

"సీటు కింద పెట్టాను గదా."

మన్సిక్ జిప్పు మీద చెయ్యి వేశాడు. "నువ్వా? మీ నాన్న పాస్టరు కదరా" అన్నాడు.

"ప్రార్థన కూడా చేస్తూనే ఉన్నా. చేప అదనం."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"ఆ సొరంగం దాటిన రోజు నించి. అద్దంలో మీ కళ్ళు మూతపడ్డం చూశా. అందుకే దారంతా పాడేది. నా గొంతు ఎలాంటిదో నాకు తెలీదా?"

"పెద్దగారికి చెప్పకపోయావా?"

"చెబితే మిమ్మల్ని ఉంచుతారా? చెప్పకపోతే నా పిల్లలు..." తక్ దూది మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. "ఇవాళ ఆడమన్నప్పుడే అనుకున్నా, మూతి జాగ్రత్తగా చూసుకోవాలని. చూసుకోలేకపోయా."

మన్సిక్‌కి సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది. పొద్దుటినుంచీ బస్సంతా గాలించి శత్రువుని వెతికాడు. గీత దాటిన చక్రం తనదేనన్న సంగతి మాత్రం ఎవరి మీదకో తోసేశాడు. ఆ వెనక ఇంతమంది నిద్రపోతున్నారు, వాళ్ళకీ ఇళ్ళు ఉన్నాయి అని ఒక్కసారైనా అనుకున్నాడా? తన గది, తన ఉద్యోగం అనుకున్నాడు అంతే. తక్ భుజం తట్టబోయి, తట్టకుండానే పెద్దగారి దగ్గరికి నడిచాడు.

యోమ్ పెద్దగారు మిన్‌తో కలిసి బస్సు మెట్ల దగ్గర అక్రోటు బిళ్ళలు తింటున్నారు. మన్సిక్ బస్సు తాళం చెవి రెండు చేతులా పట్టుకుని, పెద్దవాళ్ళకి ఇచ్చే పద్ధతిలో నడుం వంచి అందించాడు.

"ఇక నేను నడపకూడదండీ."

ఆయన ఎందుకని అడిగేలోపే, వంగిన జాకెట్టు అంచులోంచి చేప జారి సిమెంటు మీద పడింది. నోరు తెరుచుకుని, దారం చుట్టుకుని. అటుగా వస్తున్న ఆటగాళ్ళు ఆగిపోయారు. పెద్దగారు చేపని చూశారు, జాకెట్టుని చూశారు, ముక్కు మీద వేలు వేసుకున్నారు.

"ఇదా సంగతి. ప్రార్థన చేసినంతసేపూ దీన్ని చంకలో పెట్టుకున్నావా? పోనీలే, చివరికి అంతరాత్మ ఒప్పుకోక తాళం నువ్వే ఇచ్చావు. అదొక్కటి సంతోషం."

మన్సిక్ నోరు తెరిచాడు. నిజం వేరేదని చెప్పాలనుకున్నాడు. నిజం చెబితే చేప ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న తిన్నగా పాస్టరు కొడుకు దగ్గరికి వెళ్తుంది. ఏడాదికి నాలుగు ఆటలు ఆడే గోల్‌కీపరుని వదిలించుకోవడానికి ఏ జట్టుకైనా అంతకంటే సాకు అక్కర్లేదు. తాళం ఎలాగూ ఇచ్చేశాడు. ఎందుకిచ్చాడని వాళ్ళు అనుకుంటే ఏం? అతను నోరు మూసుకున్నాడు.

అప్పటికే తక్ ముందుకొచ్చాడు. "పెద్దగారూ, అది..."

"మాట్లాడకు. కుట్లు ఊడతాయి" అన్నాడు మన్సిక్.

గాయం గురించి అంత శ్రద్ధ చూపినందుకు పెద్దగారు కొంచెం మెత్తబడ్డారు. ఇంటిదాకా బస్సులో రావచ్చన్నారు. దగ్గర ఊళ్ళో చెల్లెలుందని, విశ్రాంతి స్థలం వెనక గేటు దాటితే ఊరి బస్సు దొరుకుతుందని, గదిలో సామాను తరవాత వచ్చి పట్టుకెళ్తానని మన్సిక్ చెప్పాడు. మిన్ తాళం చెవి అందుకుంటూ, బాబాయ్, నేనెప్పుడూ మీ సీటు కోరలేదు అన్నాడు. ఆ మొహంలో అబద్ధం లేదు. మన్సిక్ అతనికి రెండో గేరు కాస్త మొండిదని, గట్టిగా లాగకూడదని చెప్పాడు. ఒకసారి బస్సెక్కి దిగాడు. ఎవరికీ వీడ్కోలు చెప్పకుండా గేటు వైపు నడిచాడు. తక్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. వెనక్కి తిరుగుతాడనుకున్నాడు. తిరగలేదు.

మిన్ సీటు ముందుకి జరుపుకుని బస్సు తీశాడు. డ్రైవరు కిటికీ పక్క కొక్కేనికి మన్సిక్ వదిలి వెళ్ళిన నీలం టై వేలాడుతోంది. ఆట ఉన్న రోజు డ్రైవరు కట్టుకు తీరాలని క్లబ్బు నియమం పెట్టిన టై. మన్సిక్‌కి టై కట్టుకోవడం రాదు. ఉద్యోగంలో చేరిన రోజు భార్య వేసిన ముడిని విప్పకుండా, తలమీదనుంచి తీసి తలమీదనుంచి వేసుకుంటూ ఇన్నేళ్ళూ గడిపేశాడు. బస్సు పెద్ద రోడ్డెక్కింది. తల దూరేంత వదులుగా, ముడి విప్పకుండా ఆ టై అద్దం పక్కన ఊగుతోంది.