మిషను పాడైందన్నారు

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి బీపీ మిషను దుర్గాశ్రీ చేతి మీద 172/108 చూపించింది.

మిషను అత్తగారిది. దుర్గాశ్రీ భర్త గోపీకృష్ణ కువైట్ నుంచి తల్లి కోసం పంపాడు. ఆ పూట ఆవిడకు 150 వచ్చింది. నమ్మకం కుదరక, "నీ చేతికి పెట్టి చూడవే, బాగుందో లేదో" అంది కోడలితో.

రెండోసారి 168.

"పాడైపోయిందే ఇది," అని అత్తగారు బుల్లెమ్మ తేల్చేసింది. ఆ పూట అన్నంలో ఆవకాయ రెండుసార్లు వేయించుకుంది.

వీడియో కాల్లో గోపీకృష్ణ నవ్వాడు. "ఇంట్లో కూర్చునేదానికి బీపీ ఏంటే? రాజోలు తీసుకెళ్ళి బాగుచేయించు. అమ్మకి రోజూ చూడాలి."

కూర్చోవడం గురించి ఆలోచించింది దుర్గాశ్రీ. నాలుగున్నరకు లేస్తుంది. వాకిలి, వంట, పిల్లల క్యారేజీలు, అత్తగారి స్నానం. తొమ్మిదికి మలికిపురం బట్టల కొట్లో ఉండాలి. అక్కడ కూర్చుంటే, "కుర్చీలు కస్టమర్లకండీ" అంటాడు ఓనరు. ఇంట్లో కూర్చుంటే, "ఏం, ఒంట్లో బాలేదా?" అంటుంది బుల్లెమ్మ. ఏడాదిగా తలనొప్పి. ఉచిత వైద్య శిబిరంలో రెండుసార్లు బీపీ చూసి ఏమీ లేదన్నారు. తన అమ్మకీ ఏమీ లేదనే అనుకున్నారు. నలభై ఆరో ఏట పొయ్యి దగ్గర పడిపోయింది, మళ్ళీ లేవలేదు. దుర్గాశ్రీకి ఇప్పుడు నలభై ఒకటి.

వారం పాటు మిషను బాగుచేయించే తీరిక దొరకలేదని చెప్పింది. ఆ వారమంతా పూటపూటా తన చేతికే పెట్టుకుంది. ఒక్కసారీ 160కి తగ్గలేదు. తర్వాత కొట్టు సెలవు రోజున మిషనునూ, అంకెలు రాసుకున్న కాగితాన్నీ సంచిలో పెట్టుకుని రాజోలులో డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరు భవానీదేవి కాగితం చదివి, ఆమెకు ఆసుపత్రి మిషనుతో చూసింది. 126. కువైట్ మిషనును తన చేతికి పెట్టుకుంది. 118. ఆసుపత్రిదీ అంతే చూపించింది.

"మిషను బాగానే ఉందమ్మా. మీరొచ్చి ఎంతసేపైంది?"

"గంటన్నరండి."

"ఇంతసేపూ ఏం చేసేరు?"

"కూర్చున్నానండి. ఎవరూ పిలవలేదండి."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపింది. "ఇది ఇక్కడ చూస్తే దొరకదు. ఇంటి దగ్గరే పెరుగుతోంది. మాత్ర ఇవాళే మొదలెట్టండి. మానకూడదు."

"ఆయ్, అలాగేనండి."

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని మొదటి మాత్ర వేసుకుంది. ఫోన్ మోగింది.

"బాగైందా?" అంది బుల్లెమ్మ.

"మిషను పాడవలేదండి అత్తయ్యా. నాకే బీపీ అండి."

"సరేలే, బస్సెక్కు. ఇంకా వంట కాలేదు."

పన్నెండుంబావుకు మలికిపురం బస్సు వెళ్ళింది. ఒంటిగంట బస్సూ వెళ్ళింది. దుర్గాశ్రీ బెంచీ మీదే ఉంది.