చుక్క బరువు

ఆ రోజు కూడా తెల్లవారకముందే వంటింట్లోకి సముద్రం వచ్చింది. జావా తీరాన సెమరాంగ్‌లో రేవు పక్కన ఉండేవాళ్లకి ఇది మామూలే. పోటు పెరిగితే మురుగుకాలవలు వెనక్కి తంతాయి. నేను వంగి బకెట్టుతో తోడి, గడపకి కట్టిన అడ్డుగోడ అవతల పోస్తున్నాను. మా ఆయన వహోనో మంచం మీద కాళ్లు పైకి లాక్కుని కూర్చుని, "పొయ్యి కింద చూశావా?" అన్నాడు. ఆయనకి నడుంనొప్పి. ఆదివారం స్నేహితులతో బంతాట ఆడేటప్పుడు మాత్రం రాదది. మా అమ్మాయి నిద్రపోతున్న పక్కగదిలోంచి అత్తగారు, "నా కాపురమంతా నేనొక్కదాన్నే తోడాను. ఒక్కరోజు నోరెత్తితే ఒట్టు," అంది.

ఫ్యాక్టరీకి వెళ్తే అక్కడా నీళ్లే. పిల్లల మందుపొడిలో తడి ఎంతుందో కొలవడం నా పని. ఆ తడిని కొలిచే రసాయనం, రీఏజెంటు, ముదురు గోధుమరంగులో ఉంటుంది. గాలిలో తేమ తగిలినా బలం తగ్గిపోతుంది. అందుకే రోజూ ముందు దాని బలం తేల్చాలి. సిరంజిలో నీళ్లు తీసుకుని తూచి, ఒక్క చుక్క గాజుపాత్రలో వేసి, సిరంజిని మళ్లీ తూచాలి. ఆ చుక్కకి ఎంత రీఏజెంటు ఖర్చయిందో చూడాలి. మూడుసార్లు చేస్తే మూడూ కలవాలి. చుక్క పాత్ర గోడకి అంటినా, సూది మొనకి మిగిలినా లెక్క తప్పుతుంది.

కొన్నాళ్లుగా నావి కలవడం లేదు. కొత్త సీసా విప్పాను. పాత్ర మూతలు బిగించాను. ఆ రోజూ అంతే. మా పైఅధికారి దర్సోనో వెనక నిలబడి, "నిన్నటి బలమే వేసెయ్ పలూపీ. అవతల లారీ ఎదురుచూస్తోంది," అన్నాడు.

"పొడి తడిగా ఉంటే పిల్లలు తాగేసరికి మందు పనిచెయ్యదు పాక్," అన్నాను. పైవాళ్లని మేం సార్ అన్నట్టు పాక్ అంటాం.

"అయితే సరిగ్గా చెయ్యి."

పక్కబల్ల దగ్గర పనిచేసే ఎండాహ్‌ని నా బదులు వెయ్యమన్నాను. నాకంటే చాలా చిన్నది, మొన్నమొన్న చేరింది. తను వేసిన మూడూ కలిశాయి. రీఏజెంటులో ఏ లోపమూ లేదు. తప్పు నా చేతిది. ఎండాహ్ తల దించుకుంది. దర్సోనో వాచిన నా మణికట్టు వైపు చూసి, "వచ్చే వారం కూడా ఇంతే అయితే ప్యాకింగ్‌కి పంపించేస్తాను," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను. తిడితే తిరిగి అనడానికి ఒక మాటైనా ఉండేది. పద్నాలుగేళ్లు చదివించిన మా అమ్మ గుర్తొచ్చింది. ఈ చేతిలో చదువు ఉందనుకున్నాను. దాన్ని రోజుకో బకెట్టు చొప్పున వీధిలో పారబోశానని తెలియలేదు. ఫ్యాక్టరీ నర్సు బొటనవేలి మొదట్లో నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. బరువులెత్తొద్దని చెప్పింది.

ఇంటికొచ్చి అన్నం పెడుతూ అంతా చెప్పాను. వహోనో విన్నాడు. "ప్యాకింగ్ అయితే తొందరగా వచ్చేస్తావుగా. సాయంత్రం పోటుకి ఇంట్లో మనిషి ఉంటుంది," అన్నాడు. నా చేతికేసి చూస్తాడని కాసేపు ఆగాను. సంబల్ పచ్చడి ఇంకా ఉందా అని అడిగాడు.

మర్నాడు ఎండాహ్ అక్కని పిలిచినట్టు, "మ్బాక్, రెండురోజులు నా గదిలో ఉండు. మేడమీది గది, పోటు నీళ్లు రావు. చేతికి విశ్రాంతైనా ఉంటుంది," అంది. ఇంటికి ఫోన్ చేస్తే వహోనో "సరే, నీ ఇష్టం" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకుంటాడని అనుకోలేదు. ఆ ఒక్క మాటకే ఆయన మంచివాడేనేమో అనిపించి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం ఎండాహ్ సోయాగింజల టెంపె ముక్కలు వేయిస్తుంటే మా అమ్మాయి కినాసిహ్‌కి ఫోన్ చేశాను. తొమ్మిదేళ్లది. ఆయాసపడుతూ తీసింది.

"తర్వాత మాట్లాడతానమ్మా. వంటిల్లు ఇంకా సగం ఉంది."

"నువ్వు తోడుతున్నావా? నాన్నేడీ?"

"టీవీ చూస్తున్నాడు. నేను బాగా తోడుతున్నానన్నాడు." గొంతు తగ్గించి, "చేతులు నొప్పెడుతున్నాయమ్మా. అలవాటైపోతుందిలే అంటోంది నానమ్మ," అంది.

బకెట్టు కింద పెట్టి మంచం మీద కూర్చోమన్నాను. నాన్న తిడతాడంది. తిడితే తిట్టనీ, నేను వస్తున్నానన్నాను.

నేను చెప్పులు వేసుకోవడం చూసి ఎండాహ్ పొయ్యి ఆర్పింది. "ఈ చేత్తో మళ్లీ తోడతావా మ్బాక్?"

"తోడను. దాని బట్టలు, స్కూలు సంచీ తీసుకుని దాన్ని తెచ్చేసుకుంటాను," అన్నాను. "నీ గదిలో ఇంకో చాపకి చోటుందా?"