రుక్మిణమ్మ, ధూల్‌పేట్

కీబోర్డును బోర్లించి తడితే వక్కపలుకులు రాలాయి. వాటితోపాటు జర్దా, మిర్చి బజ్జీ పొట్టు, ఒక గోరుముక్క. మా ఆయన గోళ్ళు కొరుకుతాడు, కొరికి అక్కడే ఉమ్ముతాడు. తడిగుడ్డతో ఒక్కో మీటా తుడుస్తుంటే, ఈ ఎంగిలి మీదనే కదా నా వేళ్ళు పెట్టాలి అని ప్రతి మధ్యాహ్నం ఒళ్ళు జలదరించేది.

శాలిబండలో మాది ఆడవాళ్ళ బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మెయిళ్ళు పంపితే గిరాకీ పెరుగుతుందని ఎవరో చెబితే మా ఆయన వైకుంఠం పాత కంప్యూటరొకటి కొనుక్కొచ్చి, బియ్యం డబ్బా పక్కన పెట్టించి, తనకు ఓపిక లేదని నన్ను కూర్చోబెట్టాడు. నాది ఎనిమిదో తరగతి చదువు. కాలేజీకి పోయే మా కూతురు సుచరిత నేర్పింది. దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళ పేరు, ఫోను, మెయిలు, భర్త పేరు, బస్తీ అన్నీ ఎక్కించాలి. పంపిన మెయిలు వాపసు వస్తే చుక్క ఎక్కడ పోయిందో, అక్షరం ఎక్కడ తప్పిందో ఫోన్ చేసి అడిగి దిద్దాలి. రెండుసార్లు ఎక్కినవాళ్ళను ఒకటి చేయాలి, వద్దన్నవాళ్ళను తీసేయాలి. పోయిన మనిషి పేరు మీద పండగ సేల్ మెయిలు వస్తే ఆ ఇంట్లో ఎట్లా ఉంటుందోనని నాకు భయం. నాకు అన్నిటికీ భయమే. "కూసుండి చేసేది గూడ పనేనా" అనేది మా అత్త. "పొయ్యికాడి దాన్ని కుర్సీ ఎక్కిచ్చిన, పున్నెం నాది" అనేవాడు ఆయన, గిరాకీల ముందే. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

మెయిళ్ళు సరిగ్గా పోతున్నాయో లేదో తెలియాలంటే మనదొకటి కూడా అందులో ఉండాలని సుచరిత చెప్పింది. నా పేరు పెడితే "నీకెందుకే సేలు" అంటాడని, ఎప్పుడో పోయిన మా అమ్మ పేరు పెట్టాను. రుక్మిణమ్మ, ధూల్‌పేట్. మెయిలు సుచరితది. ఫోను నేను కొత్తగా కొన్న సిమ్ముది. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, పిల్ల చక్రాల కింద పడినట్టు నా కళ్ళకు కట్టేది. అందుకే ఆ ఫోను దాని సంచిలోనే ఉండేది. భర్త పేరు గడి మాత్రం ఖాళీగా వదిలాను.

మా గిరాకీల్లో మెయిలు ఉన్నది ఎక్కువగా గల్ఫ్‌లో భర్తలున్న ఆడవాళ్ళకే. వాళ్ళకు ఉత్తరాలు రాసుకోవడానికి నెట్ సెంటరుకు పోయి తెరుచుకున్నవి. బార్కస్‌లో ఉండే రఫియా భర్త జెద్దాలో డ్రైవరు. తన నంబరు చెబుతూ ఆమె నన్ను అక్కను చేసుకుని "దుకాణంకి ఇస్తలేను ఆపా, నీకిస్తున్న" అంది.

ఆ రఫియా 2006 రంజాన్ ముందు మళ్ళీ వచ్చింది. బట్టల వైపు చూడలేదు. నేరుగా వెనక గదిలోకి వచ్చి కూర్చుంది.

"ఎవడో ఫోన్ జేస్తుండు ఆపా. మొగుడు లేడంట గద, దోస్తీ చేద్దాం అంటుండు. మా అత్త ఫోన్ గుంజుకుంది. జెద్దా నుంచి ఆయన చేస్తే ఆమెనే ఎత్తుతుంది, నాకిస్తలేదు. ఆయనకు ఏం చెప్తుందో ఖుదాకే ఎరుక. బయట నీకు తప్ప నంబర్ ఎవ్వరికి ఇయ్యలె నేను."

"మా కాడి నుంచి పోదు బిడ్డా" అన్నాను. నమ్మే అన్నాను.

ఆ వారంలోనే సుచరిత కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఫోను నా ఒళ్ళో పడేసింది.

"అమ్మా, బస్సుల ఉంటే ఒకడు చేసిండు. రుక్మిణమ్మేనా, ఒక్కదానివే ఉంటవట గద, మా ఫ్రెండ్‌షిప్ క్లబ్బుల చేర్తవా అన్నడు. అమ్మమ్మ పేరు వానికెట్ల తెల్సు?"

అమ్మమ్మ పేరూ ఆ నంబరూ పక్కపక్కన ఉన్నది ఈ లోకంలో ఒక్కచోటే. కంప్యూటరు తెరిచాను. పేర్లన్నీ దాటి కుడిపక్క చివరికంటా జరిపితే నేను పెట్టని గడులు కనిపించాయి. రఫియాకు ఎదురుగా "మొగుడు జెద్దా. రెండేండ్లకోసారి వస్తడు". ఇంకొకామెకు "విధవ. మంచిగ నవ్వుతది". భర్త పేరు ఖాళీగా ఉన్న ప్రతి మనిషికీ "ఒంటరి". రుక్మిణమ్మకు కూడా "ఒంటరి. అడిగి చూడొచ్చు". ఆ మీటల మీద జర్దా రాల్చేది మా ఇంట్లో ఒక్కడే. అత్తా అత్తా అంటూ మా అమ్మ చేతివంట ఏళ్ళ తరబడి తిన్నవాడికి ఆమెకొక పేరుందని గుర్తు లేదు. ఫోనులో పేరు చూసి నొక్కేవాడికి కన్నకూతురి నంబరూ గుర్తు లేదు. నేను ఇన్నేళ్ళూ భయపడిన ఆపదలన్నీ గడప బయటివే. బస్సు, కరెంటు తీగ, గల్లీ చివర నిలబడే పోరగాళ్ళు. తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకునేదాన్ని. గడియకు లోపల పడుకున్న మనిషిని చూడలేదు.

ఆయన అన్నం తింటుంటే అడిగాను.

"ఉమాపతి అడిగిండు, ఇచ్చిన. క్లబ్బు పెట్టిండు వాడు. దోస్తుకు గామాత్రం చెయ్యొద్దా?"

"వాళ్ళు నన్ను నమ్మి చెప్పిన్రు."

"నిన్ను నమ్మి? దుకాణం నాది, కంప్యూటర్ నాది. నాలుగు పేర్లు కొట్టంగనే మాలికిన్ అయినవా? ఇష్టం లేనిది ఎత్తకుంటె అయిపాయె. ఎత్తేటోళ్ళే ఎత్తుతరు."

"రుక్మిణమ్మ ఎవరో ఎర్కేనా నీకు?"

"ఎవతో ధూల్‌పేట్‌ది. మజ్జిగ పొయ్యి."

పోశాను. ఆ నంబరు ఎవరి సంచిలో ఉందో చెప్పలేదు. చెబితే ఉమాపతిని ఏమీ అనడు, పిల్లను కాలేజీ మాన్పిస్తాడు. ఆయన మూతి తుడుచుకుని, "రంజాన్ సేల్ మెయిల్ రేపు పోవాలె. ఒక్కటి గూడ వాపస్ రావద్దు" అని లేచాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక కూర్చున్నాను. ముందు ఒక్కో పేరూ చూసుకున్నాను. అనుమానమున్న ప్రతిచోటికీ ఫోన్ చేసి చుక్కతో సహా సరిచూసుకున్నాను. ఎప్పుడూ అంత శ్రద్ధగా చేయలేదు. తర్వాత సేల్ సంగతి తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, ఒక్క వేలితో కొట్టాను. మీ నంబరు మా దుకాణం నుంచే పోయింది. మా ఆయన వైకుంఠం తన దోస్తు ఉమాపతికి ఇచ్చాడు. మిమ్మల్ని అడక్కుండా ఇచ్చాడు. ఆ ఫోన్లలో మీ తప్పు ఏమీ లేదు. ఇది మీ ఇంట్లో చూపించండి, మీ ఆయనకూ పంపండి. మీ నంబరు రాసుకున్నది నేను. నాగమణి, శాలిబండ.

రఫియా ముఖం తలుచుకుని నొక్కాను. సుచరిత మెయిలు నేను తెరిచి చూస్తే రుక్మిణమ్మకు కూడా అందింది.

సాయంత్రం ఆయన లేచి, జర్దా నములుతూ నా వెనక నిలబడ్డాడు.

"మెయిల్ పోయిందా?"

"పోయింది."

"ఎన్ని వాపస్ వచ్చినయ్?"

"ఒక్కటి గూడ రాలె."

"శాబాష్" అన్నాడు. దుకాణంలో ఫోను మోగుతుంటే ఎత్తడానికి వెళ్ళాడు.