రంగు గదికి రెండు దారులు

పక్కింటి లెక్కల మాస్టారి తెల్ల చొక్కాలు ఆరింటి మీదా ఆకుపచ్చ చుక్కలు పడ్డ రోజున వడ్రంగికి ఇక తప్పలేదు. అప్పటిదాకా అతను ఇంటి వెనక రేకుల షెడ్డు ముందు, ఆరుబయటే బీరువాలకూ కుర్చీలకూ స్ప్రే కొట్టేవాడు. గాలి ఎటు వీస్తే రంగు అటు పోయేది. ఆ రోజు మాస్టారి దండెం వైపు వీచింది.

మాస్టారు గొడవ పడే మనిషి కాదు. చొక్కాలు మడతపెట్టి తెచ్చి అరుగు మీద పెట్టి, "రేపు బడికి వేసుకెళ్ళడానికి ఒంటి మీదిదొక్కటే మిగిలింది," అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది వడ్రంగికి. ఆ సాయంత్రమే కొత్త చొక్కాలు కొని ఇచ్చొచ్చాడు.

షెడ్డు లోపల కొడదామంటే గోడ అవతలే వంటిల్లు. ఒకసారి కొట్టి చూశాడు. వారం రోజులు ఏం తిన్నా థిన్నరు వాసనే. పైగా రంపంపొట్టు తడి రంగు మీద వాలి, అద్దంలా రావలసిన తలుపు గరుకు కాగితంలా తేలింది.

రంగు కొట్టుకునేందుకు తయారుగా దొరికే గది, స్ప్రే బూత్, ధర కనుక్కొచ్చి, "అది కొనాలంటే ముందు మనల్ని మనం అమ్ముకోవాలి," అన్నాడు భార్యతో.

"మనల్ని కొనేదెవరు గానీ, మీరే కట్టండి," అంది ఆవిడ.

కట్టడం మొదలుపెట్టాడు. షెడ్డు మూలన ప్లాస్టిక్ పైపులతో, మనిషి బీరువా చుట్టూ తిరగగలిగేంత చట్రం నిలబెట్టాడు. పైనా చుట్టూ మందపాటి ప్లాస్టిక్ షీటు బిగించాడు. మాస్టారి ఇంటికి ఎదురు దిక్కున, ఖాళీ స్థలం వైపు గోడకు చిల్లు కొట్టాడు. దానికి బిగిద్దామని అటక మీది పాత ఎగ్జాస్ట్ ఫ్యాను దించాడు. అప్పుడే అత్తగారు అడ్డొచ్చింది.

అత్తగారు ముప్ఫై ఏళ్ళు నూలు మిల్లులో పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక కూతురి దగ్గరికి వచ్చింది. మిషన్ల రొదలో మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దది. అల్లుడి పనిలో వేలు పెట్టొద్దని ఆవిడ వచ్చిన రోజే కూతురు చెప్పింది. నాలుగేళ్ళు ఆ మాట మీదే ఉందావిడ.

"బాబూ, ఆ ఫ్యాను వద్దు," అంది గుమ్మంలోంచి.

"శుభ్రంగా తిరుగుతోంది కదత్తయ్యా."

"తిరుగుతుందిలే. మోటారు నట్టనడుమ ఉంది. నీ రంగూ థిన్నరూ దాని మీదుగానే పోవాలి. ఒక్క నిప్పురవ్వ లేచిందంటే?"

"ఇంత చిన్న ఫ్యానుకి ఏమీ కాదు."

అతను ప్లగ్గు పెట్టబోయాడు. ఆవిడ కుంటుకుంటూ వచ్చి తీగ చేతిలోంచి లాక్కుంది. వంటింట్లోంచి కూతురు పరిగెత్తుకొచ్చి "అమ్మా!" అని అరిచింది. అల్లుడి ముఖం కందగడ్డలా అయింది. స్క్రూడ్రైవరు బల్ల మీద పడేసి బయటికి వెళ్ళినవాడు సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

వచ్చేసరికి ఆవిడ షెడ్డులోనే ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ఈసారి గొంతు తగ్గించింది.

"మా మిల్లులో దూది దులిపే గదికి ఇలాంటి ఫ్యానే ఉండేది. మోటారు బయట పెట్టించమని మెకానిక్ చెబుతూనే ఉండేవాడు. ఏమీ కాదనేవాడు మేనేజరు. ఓ రోజు అంటుకుంది. నా పక్క మిషను మీద చేసే పిల్లకి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఏడాదిపాటు దానికి జడ నేనే వేశాను."

అతను ఫ్యాను తీగ చుట్టి అటక మీదికి ఎక్కించాడు. "ఆ ముక్క పొద్దున్నే చెబితే వినేవాణ్ణి కదా," అన్నాడు.

"వినేవాడివి కాదులే," అంది ఆవిడ.

నిజమే గనక అతనికి నవ్వొచ్చింది.

మర్నాడు ఇద్దరూ పాత సామాన్ల దుకాణానికి వెళ్ళారు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూనే గుట్టలన్నీ గాలించి, మూతబడ్డ బేకరీ తాలూకు బ్లోయరు పట్టింది. దాని మోటారు గాలి పోయే గొట్టానికి బయట, ఓ పక్కగా కూర్చుని బెల్టుతో రెక్కల్ని తిప్పుతుంది. ఆవిడ బెల్టు లాగి చూసి, బేరింగు దగ్గర చెవి పెట్టి విని, దుకాణంవాడు చెప్పిన ధర వినిపించనట్టు నిలబడింది. "మీ దగ్గర నా పప్పులుడకవు మామ్మగారూ," అని వాడే దిగొచ్చాడు.

గోడ చిల్లుకు బ్లోయరు బిగించి, రంగు తుంపర అక్కడే ఆగేటట్టు దాని ముందు దూది వడపోత పెట్టాడు. లైట్లూ స్విచ్చూ షీటుకు అవతలే ఉంచాడు. ముఖానికి మాస్కు తగిలించుకుని లోపలికెళ్ళి, దుమ్ము రాకుండా అంచులన్నీ టేపుతో మూసేసి, "వెయ్యి!" అన్నాడు భార్యతో.

ఆవిడ స్విచ్చు వేసింది. మరుక్షణం నాలుగు వైపుల షీట్లూ లోపలికి ఉబ్బాయి. పైపులు వంగాయి. వడ్రంగి పొట్లం కట్టిన సరుకులా ప్లాస్టిక్కులో చుట్టుకుపోయాడు. చేతిలో స్ప్రే గన్ను నొక్కుకుపోయి ప్యాంటు ఆకుపచ్చగా మారింది. భార్య నవ్వు ఆపుకోలేక స్విచ్చు ఆపడానికే తంటాలు పడింది.

అత్తగారు మాత్రం నవ్వలేదు. "పోయే గాలికి దారి పెట్టావు బాబూ. వచ్చే గాలికేదీ? బయటినుంచి అందకపోతే అది గోడల్నే లాక్కుంటుంది."

"మరి ముందే చెప్పొచ్చు కదత్తయ్యా!"

"నిన్ననేగా ఒకటి చెప్పి గొడవ పెట్టుకున్నాను. వారానికొకటి చాలనుకున్నా."

బ్లోయరుకు సరిగ్గా ఎదురుగా ఉన్న షీటులో, దాని రంధ్రానికి రెండింతలు పెద్ద కిటికీ కోశాడు. దుమ్ము రాకుండా దానికీ వడపోతలు బిగించాడు. గాలి ఎటు పోతోందో చూడటానికి అత్తగారు ఒక నూలుపోగు తెంపి, కిటికీ లోపలివైపు పైనుంచి వేలాడదీసింది. బ్లోయరు తిరగగానే పోగు లేచి, లోపలి వైపుకు తిన్నగా సాగి, అలాగే నిలబడింది. షీట్లు కొద్దిగా వణికాయంతే.

మొదటి తలుపుకు రంగు కొట్టి అతను బయటికొచ్చేసరికి వంటింట్లో వాసన లేదు. తుంపర వెనక్కి పోయి వడపోతలో ఆగింది. ఆరాక చూస్తే ఒక మూలన వెంట్రుక అంటుకుని ఉంది, అతనిదే. అక్కడ రుద్ది మరో పూత వేశాడు. మర్నాటినుంచి తలకు గుడ్డ కట్టుకున్నాడు.

నెల తిరక్కుండా వీధి చివర ఇనప గేట్లు చేసి రంగులేసే మేస్త్రి ఆ గదిని చూడటానికొచ్చాడు. చుట్టూ తిరిగి, "ఇదంతా ఎలా కుదిర్చావయ్యా?" అనడిగాడు.

"నన్నడిగితే ఏం లాభం? అడగాల్సింది మా అత్తయ్యని," అన్నాడు వడ్రంగి.

ఆవిడ చెప్పులు తొడుక్కుని మేస్త్రి షెడ్డు చూడటానికి వెళ్ళింది. పొద్దుగూకేవేళకి తిరిగొచ్చి, మోకాళ్ళకు మందు రాసుకుంటూ, "వాళ్ళది మనదానికన్నా అధ్వాన్నం," అంది కూతురితో. "రేపు కూడా వెళ్ళాలి."